నాలుగో దారం

మొన్న శనివారం పొద్దున గ్యారేజీ తలుపు లేపగానే ఆ వాసన తగిలింది. కిరసనాయిలు కాదు, ఇంజనాయిలూ కాదు. కాస్త తీపి, కాస్త జిడ్డు, అడుగున ఎక్కడో పాత ఇనప సామాన్ల కొట్టు. మావాడు కాలేజీకి వేసుకెళ్లే పాత క్యామ్రీ కింద సిమెంటు మీద రూపాయి బిళ్లంత ఎర్ర మరక. వేలితో అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె.

మరక తుడవడం మానేసి అక్కడే బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. కాఫీ చల్లారిపోతోందని మా ఆవిడ రెండుసార్లు కేకేసింది. పెదనాన్న పోయి వచ్చే సంక్రాంతికి ఏడాది. ఎర్ర మరక చూస్తే ఎవరికైనా మెకానిక్ గుర్తొస్తాడేమో, నాకు మాత్రం ఆయనతో ఆడిన ఓ చిన్న అబద్ధం గుర్తొస్తుంది.

* * *

మాది పటమట. ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే నేను ఇంట్లో ఉండేది తిండికీ నిద్రకీ మాత్రమే. మిగతా పొద్దంతా ఆటోనగర్లో పెదనాన్న షెడ్డులో. బెజవాడ ఆటోనగర్ చూడనివాళ్లకి చెప్పాలంటే అదో ఊళ్లో ఊరు. లారీ అక్కడికి వచ్చేటప్పుడు ఉత్త చాసిస్‌గా వచ్చేది. ముందు ఇంజను, వెనక రెండు పొడుగాటి ఇనప పట్టాలు. డ్రైవరు తలకి తువ్వాలు చుట్టుకుని, చెక్క మీద కూర్చుని, ఎండలో ఎక్కణ్ణించో తోలుకొచ్చేవాడు. కొన్ని వారాలకి అదే బండి తలుపులు, తొట్టి, వెనక నెమళ్లు, పక్కన కలువపూలు పెట్టుకుని పెళ్లికూతురిలా బయటికి వెళ్లేది. ఒక సందు నిండా కమాను కట్టలు, ఒక సందు నిండా రేడియేటర్లు, ఇంకో సందులో లేతు మిషన్లు. రేకు మీద సుత్తి దెబ్బలు పొద్దున్నే మొదలై, మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకి ఒక్కసారిగా ఆగేవి. అప్పుడు తెలిసేది చెవులు ఎంతసేపట్నించి మోగుతున్నాయో.

పెదనాన్నది రేకుల షెడ్డు. ముందు వేపచెట్టు, లోపల ఒక గుంట, రెండు కార్లు పట్టే చోటు. లారీల జోలికి పోయేవాడు కాదు. అంబాసిడర్లు, అప్పుడప్పుడూ ఓ ఫియట్. గోడమీద కనకదుర్గమ్మ పటం, దాని పక్కన రేడియో. పొద్దున్నే షెడ్డు ముందు నీళ్లు చల్లి, రెండు అగరొత్తులు వెలిగించి, ఒకటి అమ్మవారి దగ్గరా ఒకటి పానాల పెట్టె సందులోనూ గుచ్చేవాడు. దసరాకి ఆ పానాలన్నీ కిరసనాయిల్లో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి వరసగా పరిస్తే, ఏడాదంతా నల్లగా ఉండే సామాను అలా మెరవడం నాకు వింతగా ఉండేది. ఆ ఒక్కరోజు ఎవ్వరూ ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండలేక ఓసారి ఒక మొట్టికాయ తిన్నాను.

నా ఉద్యోగం బోల్టులు కడగడం. కిరసనాయిలు ట్రేలో వేసి, పాత పళ్లబ్రష్షుతో తోమి, నూలు వేస్టుతో తుడిచి, ఏ బండివి ఆ బండికి వేరే కొబ్బరి చిప్పలో పోయాలి. సాయంత్రం ఇంకో డ్యూటీ. రాత్రికి షెడ్డులో నిలబెట్టిన బండ్ల కింద పాత న్యూస్‌పేపర్లు పరవాలి. పొద్దున రాగానే ఆయన ముందు చూసేది ఆ పేపర్లే. లోకం చదివే పేపరు ఒకటైతే ఆయన చదివే పేపరు ఇంకొకటి. నల్లటి చుక్క ఇంజను. చిక్కగా, ఘాటు కంపు కొడితే గేర్‌బాక్సు. పల్చగా ఆరిపోయి అంచు మాత్రం మిగిలితే నీళ్లు.

“చుక్క పడ్డ చోటే కారుద్దనుకోకురా. బండి నడుస్తుంటే గాలి నూనెని వెనక్కి తోస్తది. పుట్టేది ఓ చోట, పడేది ఓ చోట” అనేవాడు. అందుకే ముందు అడుగంతా కిరసనాయిలు కొట్టి కడిగించి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, బండిని బెంజ్ సర్కిల్ దాకా ఓ తిప్పు తిప్పి తెమ్మనేవాడు. తెల్లటి పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే జబ్బు. పౌడరు డబ్బా పెద్దమ్మది. నెల తిరక్కుండా ఎలా అయిపోతోందో ఆవిడకి చాలా కాలం అర్థం కాలేదు.

* * *

రెండు లోహపు భాగాల మధ్య నూనె కారకుండా పెట్టే పొరని షెడ్డులో గ్యాస్కెట్ అని ఎవరూ అనేవాళ్లు కాదు. ప్యాకింగ్. హెడ్డుకి మాత్రమే గ్యాస్కెట్, మిగతావన్నీ ప్యాకింగులే. చిన్నచిన్న మూతలకి ఆయన సొంతంగా కోసుకునేవాడు. దళసరి కాగితం మూత అంచుమీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట టకటకా మెల్లగా తడుతూ పోతే కాగితం ఆ గీత వెంటే తెగిపోయేది. బోల్టు కంతల మీద ఒక్కో బేరింగు గుండు పెట్టి ఒకే దెబ్బ. కాగితం లోంచి గుండ్రటి బిళ్ల ఊడి కింద పడేది. ఆ బిళ్లలన్నీ నావి. జేబునిండా ఉండేవి. వాటితో ఏం చేసుకున్నానంటే ఏమీ లేదు.

ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టికి, అంటే సంపుకి మాత్రం కార్కు ప్యాకింగ్ కొట్టు నుంచి వచ్చేది. కొట్లో ఏళ్ల తరబడి మేకుకి వేలాడి ఎండిపోయి వచ్చేది. సంపు మీద పెడితే కంతకీ కంతకీ పొత్తు కుదిరేది కాదు, వేలెడు కురచ. కొత్త కుర్రాళ్లు దాన్ని సాగదీసి పుటుక్కుమనిపించేవాళ్లు. పెదనాన్న మాత్రం బకెట్టు నీళ్లలో పడేసి టీ తాగడానికి పోయేవాడు. వచ్చేసరికి కార్కు నీళ్లు తాగి తన కొలత తను తెచ్చుకునేది.

అసలు పని తర్వాత. సంపుని గుంటలోంచి పైకెత్తి ఇంజనుకి ఆనించేలోపు ప్యాకింగ్ జరిగిపోతుంది. పైన కనబడదు, చేతులు ఖాళీ ఉండవు. అందుకని నాలుగు మూలలా నాలుగు బోల్టు కంతల్లోంచి తెల్ల దారం దూర్చి, ప్యాకింగ్‌ని సంపుకి కట్టేసేవాడు. పూలదండ కట్టినట్టు, వదులుగా ఓ ముడి. నాలుగైదు బోల్టులు అందుకున్నాక, ఇంకా బిగించకముందే, దారాలు తెంపి ఒక్కోటీ లాగెయ్యాలి.

“మర్చిపోయి ఒక్క పోగు వదిలావా, దీపంలో ఒత్తే. లోపల నూనె మొత్తం లాగి బయట పోస్తది.”

ఇక బిగించడం. నాకు పదేళ్లప్పుడు మొదటిసారి పానా చేతికిచ్చాడు. పానా చివర పట్టుకుని శక్తి కొద్దీ లాగబోయాను. చేయి పట్టుకుని ఆపాడు. “తోక పట్టుకోకు. మెడ పట్టుకో. రెండు వేళ్లు చాలు.” మెడ దగ్గర పట్టుకుంటే ఎంత గింజుకున్నా ఎక్కువ బిగియదు, అదీ కిటుకు. మధ్యలోంచి మొదలెట్టి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా, మూడు చుట్లలో. చివరికి కార్కు అంచు సన్నగా బయటికి కనబడాలి. “పెదవి కనబడాలి, నాలిక కనబడకూడదు.” ఇప్పటికీ ఏదైనా మూత బిగిస్తుంటే నా కళ్లు ముందు పెదవికోసం వెతుకుతాయి.

ట్యాక్సీవాళ్లకి ఇది నచ్చేది కాదు. “ఇంకో చుట్టు బిగించు మేస్త్రీ, దారిలో కారిందంటే నా గిరాకీ పోద్ది” అని బతిమాలేవాళ్లు. ఆయన పలికేవాడు కాదు. మరీ విసిగిస్తే పానా తీసి వాళ్ల చేతికే ఇచ్చేవాడు, “నువ్వే బిగించుకో, రేపు మళ్లీ డబ్బులు తీసుకురా” అని. ఎవరూ పుచ్చుకున్నట్టు గుర్తులేదు.

అంబాసిడర్ అంటే ఆయనకి ప్రేమా కాదు, ద్వేషమూ కాదు. ఇంట్లో మొండి ముసలావిడతో ఉండే సర్దుబాటు లాంటిది. కలకత్తా పక్కన ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో వాటి తయారీ ఆగిపోయిందని చదివి ఆయనకి ఫోన్ చేశాను, పాపం ఏమనుకుంటాడో అని. “తయారవడం ఆగుద్ది గానీ కారడం ఆగదు లేరా” అని నవ్వాడు.

* * *

చదువుకోడానికి టెక్సాస్‌లో ఆర్లింగ్టన్ వచ్చి పడ్డాను. అంత ఊరు, సిటీ బస్సులు లేవు. బియ్యం కొనాలన్నా కారున్నవాణ్ణి బతిమాలాలి. ఒక సెమిస్టరు బతిమాలాక నలుగురు రూమ్మేట్లం చందాలేసుకుని, డిగ్రీ ముగించి వెళ్లిపోతున్న ఒకతని దగ్గర 1990 మోడల్ షెవ్రొలె కేప్రిస్ కొన్నాం. తొమ్మిది వందల డాలర్లు. పలకల పెట్టెలా ఉండేది. సీట్లు సోఫాల్లా. ఎక్కి కూర్చోగానే నాకు మాత్రం ఇల్లు గుర్తొచ్చింది, గేరు లివరు అంబాసిడర్‌లో లాగే స్టీరింగ్ పక్కనుంది మరి. క్లచ్చు లేదు, అంతే తేడా.

వేసవికాలం రాగానే జబ్బు బయటపడింది. పొద్దున రివర్సులో వేస్తే వెంటనే కదిలేది కాదు. ఏదో ఆలోచించుకుని, రెండు మూడు సెకన్లకి ఒక్క కుదుపుతో వెనక్కి దూకేది. పార్కింగులో తారు మీద ఎర్ర చుక్కలు. ఒక షాపుకి తీసుకెళ్తే కింద టార్చి వేసి చూసి, గేర్‌బాక్సు మొత్తం విప్పి మళ్లీ కట్టాలి, పదిహేను వందలు అన్నారు. బండి ధరకన్నా ఎక్కువ. మా కరీంనగర్ మిత్రుడు “గంత పైస పెడితే ఇంకో బండే అస్తది గద భయ్” అని లెక్క తేల్చేశాడు.

పబ్లిక్ లైబ్రరీలో ఆ బండి రిపేరు పుస్తకం దొరికింది. రాత్రంతా చదివాను. మనవైపు గేర్‌బాక్సులో నూనె పళ్లచక్రాలు అరక్కుండా ఉండడానికి. ఇక్కడ ఆటోమేటిక్‌లో గేర్లు మార్చేదే నూనె. పంపు దాన్ని ఒత్తిడితో తోస్తే లోపలి క్లచ్చులు పట్టుకుంటాయి. నూనె తగ్గితే పంపు గాలి పీల్చుకుంటుంది, పట్టు తప్పుతుంది. అంటే రివర్సులో ఆలోచన గేర్‌బాక్సుది కాదు, నూనె చాలక. పౌడరు పరీక్ష చేశాను. గేర్‌బాక్సు అడుగున నూనె నిలిచే పాన్ వెనక మూల నుంచి గీత స్పష్టంగా కనబడింది. ఈసారి పిల్లల పౌడరు.

అపార్ట్‌మెంట్ పార్కింగులో బండి రిపేరు చెయ్యకూడదని లీజులో రాసుంది. ఆదివారం తెల్లవారుజామున ర్యాంపుల మీదికి ఎక్కించాం. కొత్త ప్యాకింగ్, ఫిల్టరు కలిపి కిట్టు పదిహేను డాలర్లు. సంపు విప్పడంలో నేను ఆరితేరినవాణ్ణి కదా అన్న ధీమా. కానీ అంబాసిడర్ సంపుకి నూనె దించడానికి అడుగున బిరడా ఉంటుంది. ఈ పాన్‌కి లేదు. ఒక పక్క బోల్టులు ముందు వదులు చేసి, మెల్లగా వాల్చి వంచుకోవాలని పుస్తకంలో ఉంది. నేను వంచకముందే పాత ప్యాకింగ్ ఊడి, పాన్ తనంతట తనే వాలింది. గోరువెచ్చటి ఎర్ర నూనె మోచేతి మీంచి చంకలోకి, చంకలోంచి వీపుకిందికి. జుట్టు, చెవి, గడ్డం. ఈ వాసన నా ఒంటికి పట్టింది అప్పుడే. మూడు రోజులు తలస్నానం చేసినా తలగడ మీద ఉండేది.

పాన్ లోపల అయస్కాంతానికి బూడిద రంగు గుజ్జు పట్టుంది. లోహం ముక్కలు కనబడితే భయపడాలి, గుజ్జు అయితే మామూలే. కాస్త ధైర్యం వచ్చింది. ఫిల్టరు మార్చి, కార్కు ప్యాకింగ్ పెట్టి, పదహారు బోల్టులూ బిగించాను. పదిహేను వందల డాలర్ల భయం ఉన్నవాడు ఎలా బిగిస్తాడో అలా. తోక పట్టుకునే బిగించాను. తెల్లారేసరికి ముందటికంటే పెద్ద మరక.

* * *

కాలింగ్ కార్డు వెనక గీకి, పొడుగాటి నంబర్లు నొక్కి, పెదనాన్న షెడ్డు పక్క లేతు కొట్టుకి ఫోన్ చేశాను. పది డాలర్ల కార్డుకి ఇరవై నిమిషాలు కూడా వచ్చేవి కాదు. ఆయన్ని పిలిచేలోపు రెండు నిమిషాలు పోయాయి. వెనక రేకు దెబ్బలు వినబడుతుంటే వాటికీ డబ్బులు కడుతున్నానన్న బాధ లేదు.

“ఆటోమేటికో గీటోమేటికో నాకు తెలవదు. సంపు రేకా, పోత పోసిందా?”

“రేకే పెదనాన్నా.”

“మరింకేం. నీకంటే ముందోడూ గట్టిగానే బిగించుంటాడు. బోల్టు కంతల చుట్టూ రేకు బొడ్డులాగా పైకొచ్చుంటది, చూడు. బొడ్డు దగ్గర ప్యాకింగ్ నలుగుద్ది, నడాన ఖాళీ ఉంటది. తిరగేసి, చెక్క మీద పెట్టి మెత్తగా కొట్టు. బల్లమీద పెడితే ఎక్కడా ఊగకూడదు.” కాస్త ఆగి, “తోక పట్టుకున్నావా?” అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఆయనకి అర్థమైంది. “దారం కట్టి పెట్టు” అన్నాడు. కార్డు అయిపోయింది.

మరుసటి ఆదివారం దాకా బండి కదల్లేదు. ఈసారి పాన్ ఒక పక్కే వాల్చి, వారం కింద పోసిన కొత్త నూనెని కొత్త నూనెగానే డబ్బాల్లోకి వంపుకున్నాం. పాన్ తిరగేసి చూస్తే నిజంగానే పదహారు బొడ్లు. దొరికిన దూలం ముక్క మీద పెట్టి ఒక్కోటీ అణిచి, మా డైనింగ్ టేబులు మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి, లైట్లు ఆర్పి చూశాం. మొదటిసారి రెండు చోట్ల వెలుగు బయటికొచ్చింది. మళ్లీ కొట్టాం. నాలుగోసారికి చీకటి. గేర్‌బాక్సు పెంకు అల్యూమినియం, బ్లేడు పెడితే గీతలు పడతాయి. గడువు తీరిన నా స్టూడెంట్ కార్డుతో పాత కార్కు గీకాను. ఆ కార్డు మీద నా ఫోటో చివరికి మీసం దాకా అరిగిపోయింది.

దారం కోసం వెతకాల్సిన పని లేదు. ఊరినుంచి వచ్చేటప్పుడు గుండీలు ఊడితే కుట్టుకోమని అమ్మ ఒక డబ్బాలో సూదులూ తెల్లదారం ఉండా పెట్టింది. వచ్చాక ఒక్క గుండీ కూడా కుట్టుకోలేదు. ప్యాకింగ్‌ని తడిగుడ్డలో చుట్టి ఉంచి, నాలుగు మూలలా కట్టాను. మిత్రుడు కింద పడుకుని పాన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు, నేను బోల్టులు అందించాను. ఆరు బోల్టులు పట్టాక దారాలు కోసి లాగడం మొదలెట్టాను. ఒకటి వచ్చింది. రెండు. మూడు. నాలుగోది, ఎగ్జాస్టు పైపు పక్కది, సగంలో పుటుక్కుమంది.

మళ్లీ దించాలా? మిత్రుడి చేతులు వణుకుతున్నాయి. తెల్లగా వెలుగొస్తోంది, అవతల బ్లాకులో ఎవరో తలుపు తీశారు. దించలేదు. పానా మెడ పట్టుకుని, రెండు వేళ్లతో, మధ్యలోంచి బయటికి, మూడు చుట్లు. పుస్తకం పది అడుగు-పౌన్ల దరిదాపు బిగింపు చాలంటుంది, చక్రం నట్లకేమో వందదాకా వెళ్తుంది. మెడ పట్టుకుంటే ఆ పది దగ్గరే ఆగుతుందని పెదనాన్నకి ఏ పుస్తకమూ చెప్పలేదు.

వంపుకున్న నూనె వడగట్టి, నూనె కొలత చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచే గరాటు పెట్టి పోశాం. అయిదు క్వార్టులు, అంటే అయిదు లీటర్లకి కొంచెం తక్కువ. బ్రేకు మీద కాలుంచి ఒక్కో గేరులో కాసేపు ఆపి, ఇంజను నడుస్తుండగానే కొలత చూడాలి. ఆపి చూస్తే తప్పు చెబుతుంది. అంబాసిడర్ ఇంజను నూనెకి సరిగ్గా దీనికి తలకిందులు. రాత్రి కింద ఆదివారం పేపరు పరిచాను. పొద్దున దాని మీద ఫర్నిచర్ సేల్ ప్రకటనలు తప్ప ఇంకేం లేదు.

మళ్లీ కార్డు, మళ్లీ లేతు కొట్టు.

“కారట్లేదు పెదనాన్నా.”

“దారాలన్నీ లాగావా?”

“లాగాను.”

ఫోను పక్కకి పెట్టి లేతు కొట్టువాళ్లతో గట్టిగా అంటున్నాడు, “మావాడు అమెరికాలో సంపు దించాడంట!”

* * *

ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంటికెళ్లినా ఆ మాట నా ఎదురుగా ఎవరో ఒకరికి చెప్పేవాడు. డిగ్రీ వచ్చిందని చెప్పడు, ఉద్యోగం సంగతి చెప్పడు. దారం కట్టి ప్యాకింగ్ వేశాడని చెప్పేవాడు. నోటిదాకా వచ్చి ఆగిపోయేది నాకు. చివరిసారి చూసినప్పుడు షెడ్డు అద్దెకిచ్చేశాడు. లోపల ఎవరో కార్లకి సీటు కవర్లు, స్టిక్కర్లు అమ్ముతున్నారు. గుంట పూడ్చి పైన టైల్స్ వేశారు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆయన తన చేతులకేసే చూసుకుంటున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు పోయి చేతులు తెల్లబడిపోయాయి. అవి ఎవరివో అన్నట్టున్నాయి. అప్పుడైనా చెప్పాల్సింది.

కేప్రిస్ మా దగ్గర ఇంకో రెండేళ్లు నడిచింది. నెలకోసారి టార్చి వేసి ఆ మూల చూసేవాణ్ణి. అరంగుళం దారం బయటికి వేలాడుతూ ఉండేది. మెల్లగా నూనె పీల్చుకుని గులాబీ రంగుకి, తర్వాత ఎరుపుకి తిరిగింది. ఒత్తి లాగే. చివర ఎప్పుడూ తడిగా ఉండేది గానీ చుక్క మాత్రం పడలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగం వచ్చి ఊరు మారుతుంటే బండి కొనడానికి ఒక నెల్లూరు కుర్రాడొచ్చాడు. వారం కిందే ఇండియా నుంచి దిగాడు. మంచి జాగ్రత్తపరుడు. చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు, సెల్లుకి తగిలించుకున్న చిన్న లైటుతో.

“అన్నా, ఈడేదో ఎర్ర దారం వేలాడతా ఉండాది. లాగేదా?”

“వద్దు తమ్ముడూ, లాగొద్దు” అన్నాను. నా కేక విని వాడు తల పాన్‌కి కొట్టుకున్నాడు.